ఆఖరి శత్రువు ఎవరు? – డ్రాక్యులా కోట నేర్పే పాఠం

మన సంచికలో ప్రతి ఏడూ మహనీయుల జీవితాలు, జనరల్ నాలెడ్జ్, ఆరోగ్య సూత్రాలు వస్తుంటాయి. ఈసారి ఒక వీడియో గేమ్ గురించీ, అందులోని ఒక రక్త పిశాచి గురించీ రాస్తున్నాను. హాస్టల్ పత్రికకు ఇదేం విషయం అని ముఖం చిట్లించకండి. చివరిదాకా చదివితే ఇది ఆరోగ్యానికీ, చదువుకూ, మన ఊళ్లకూ సంబంధించిన పాఠమేనని మీకే తెలుస్తుంది.

1. ఆట ఏమిటి?

జపాన్‌కు చెందిన కొనామి కంపెనీ 1986 సెప్టెంబరు 26న ఒక ఆటను విడుదల చేసింది. జపాన్‌లో దాని పేరుకు "దెయ్యపు కోట డ్రాక్యులా" అని అర్థం. 1987లో అమెరికాకు వెళ్లినప్పుడు దాని పేరు "క్యాసిల్‌వేనియా" అయింది. మన పట్టణాల్లో టీవీకి తగిలించుకుని, కేసెట్లు మార్చుకుంటూ కాంట్రా, మారియో ఆడిన తరం ఉంది కదా, ఇది కూడా ఆ కాలపు ఆటే.

కథ చిన్నది. సైమన్ బెల్మాంట్ అనే వీరుడు చేతిలో కొరడాతో డ్రాక్యులా కోటలోకి ఒంటరిగా వెళతాడు. మొత్తం 18 స్టేజీలు. మూడేసి స్టేజీలకు ఒక పెద్ద శత్రువు, అంటే ఆటగాళ్ల భాషలో "బాస్" ఎదురవుతాడు. మొదట పెద్ద గబ్బిలం, తర్వాత పాముల జుట్టు మెడూసా, తర్వాత గుడ్డలు చుట్టిన రెండు ఈజిప్టు శవాలు, ఆపైన ఫ్రాంకెన్‌స్టీన్ రాక్షసుడు, ఆ తర్వాత కొడవలి పట్టిన మృత్యువు వస్తారు. వీళ్లందరినీ దాటితే పొడవైన మెట్లపైన, కోట శిఖరాన ఆఖరి బాస్ డ్రాక్యులా కూర్చుని ఉంటాడు.

2. డ్రాక్యులా ఎలా పోరాడతాడు?

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి. సైమన్ ప్రాణం 16 గడుల పట్టీ. డ్రాక్యులాకూ 16 గడులే. కానీ ఆ చివరి స్టేజీల్లో ఒక్కో దెబ్బకు సైమన్‌కు నాలుగు గడులు పోతాయి. అంటే నాలుగు దెబ్బలు తగిలితే ఆట ముగిసినట్టే. పైగా సైమన్ ఒకసారి గెంతాడంటే గాలిలో దిశ మార్చుకోలేడు. కొరడా ఝళిపించడానికి కూడా క్షణం ఆలస్యం పడుతుంది. కాబట్టి ముందే ఆలోచించుకుని గెంతాలి. గెంతాక ఆలోచిస్తే లాభం లేదు.

డ్రాక్యులా మాయమై, గదిలో ఇంకో చోట ప్రత్యక్షమవుతాడు. దుప్పటి లాంటి నల్లటి అంగరఖా తెరిచి మూడు నిప్పు ఉండలు విసురుతాడు. మళ్లీ మాయమవుతాడు. ఒంటి మీద ఎక్కడ కొట్టినా దెబ్బ లెక్కకు రాదు. తల మీద తగిలితేనే లెక్క. మొదటిసారి ఆడేవాడికి ఇది అసాధ్యమనిపిస్తుంది. బటన్లన్నీ టకటకా నొక్కి నిమిషంలో చచ్చిపోతాడు.

కానీ రెండు మూడు సార్లు ఓడి, నాలుగోసారి ఊరికే నిలబడి గమనించినవాడికి ఒక సంగతి అర్థమవుతుంది. డ్రాక్యులా చేసేది ఎప్పుడూ ఒకటే: కనిపించడం, అంగరఖా తెరవడం, నిప్పు విసరడం, మాయమవడం. ఇందులో నాలుగు అడుగులే ఉన్నాయి, వాటి వరస మారదు. నిప్పు ఉండలను కొరడాతో చెదరగొట్టవచ్చు, గెంతి దాటవచ్చు. ఆ గెంతులోనే అతని తల ఎత్తుకు చేరి ఒక దెబ్బ వేయవచ్చు. అలా ఓపికగా కొడితే తల ఎగిరిపోతుంది.

అంతటితో అయిపోలేదు. అప్పుడు ఒక పెద్ద భూతం లేస్తుంది. దానికి మళ్లీ 16 గడుల ప్రాణం. అది ఎగిరి దూకుతుంది, నిప్పు కక్కుతుంది. దానికీ ఒక వరస ఉంది. దాన్నీ కనిపెట్టినవాడికి కోట కూలడం చూసే భాగ్యం దక్కుతుంది.

ఇక్కడ నేర్చుకోవలసింది ఒక్క ముక్క. ఆటలో డ్రాక్యులా బలం ఎన్నడూ తగ్గలేదు. మొదటి రోజు ఎంతో, గెలిచిన రోజూ అంతే. మారింది ఆటగాడికి అతని గురించి తెలిసినది మాత్రమే.

3. ఈ డ్రాక్యులా ఎవరు?

డ్రాక్యులా అనే పేరు నిజంగా ఉన్నదే. ఇప్పటి రుమేనియాలోని వలాకియా ప్రాంతాన్ని 15వ శతాబ్దంలో మూడవ వ్లాద్ అనే రాజు ఏలాడు. ఇతని తండ్రికి "డ్రాకుల్" అనే బిరుదు ఉండేది. డ్రాకుల్ కొడుకు కనుక డ్రాక్యులా. శత్రువులను కొర్రు వేయించే క్రూరుడిగా పేరుపడ్డాడు. రక్తం తాగే పిశాచి కాదు, మనిషే.

అతని పేరును పిశాచికి పెట్టినవాడు ఐర్లాండ్ రచయిత బ్రామ్ స్టోకర్. ఇతను 1847 నవంబరు 8న డబ్లిన్ దగ్గర పుట్టాడు. ఏడేళ్లు వచ్చేదాకా జబ్బుతో మంచం మీదే ఉన్నాడు. పెద్దయ్యాక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా, ఆ తర్వాత లండన్‌లో ఒక నాటకశాలకు మేనేజరు. 1890లో నవలకు నోట్సు రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆ వేసవిలో విట్బీ అనే సముద్రతీర పట్టణంలో గ్రంథాలయంలో ఒక పాత పుస్తకం చదువుతుంటే డ్రాక్యులా అనే పేరు తగిలింది. నవల జరిగే ట్రాన్సిల్వేనియాకు ఇతను ఒక్కసారి కూడా వెళ్లలేదు. పుస్తకాలు, మ్యాపులు చదివి, ఏడేళ్లు శ్రమించి 1897 మే నెలలో నవల వెలువరించాడు. గ్రంథాలయంలో కూర్చుని ఒక దేశాన్ని కళ్లకు కట్టించాడంటే, మన హాస్టల్ బీరువాలో దుమ్ము పట్టిన పుస్తకాల విలువ ఎంతో ఆలోచించండి.

4. నవలలో అతన్ని చంపిన ఆయుధం

చాలామంది ఎండ తగిలి చచ్చాడనో, గుండెలో మేకు దిగిందనో అనుకుంటారు. ఎండకు పిశాచి చావడమన్నది 1922లో వచ్చిన "నోస్ఫెరాతు" సినిమా తెచ్చింది. నవలలో డ్రాక్యులా పగలు కూడా తిరుగుతాడు, శక్తి మాత్రం తగ్గి ఉంటుంది. చివర్లో అతని గొంతు కోసింది ఒక కత్తి, గుండెలో దిగింది మరొక కత్తి. ఆ మొదటి కత్తి ఏమిటో తెలుసా? మన పొరుగున నేపాల్ గూర్ఖాలు వాడే కుక్రీ!

అయితే అసలు ఆయుధం కత్తి కాదని నా అభిప్రాయం. ఆ నవలలో మీనా అనే యువతి ఉంది. ఆమె టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్న టీచరు. అందరి డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు సేకరించి, తేదీల వారీగా వరసపెట్టి, కార్బన్ కాపీలతో టైపు చేసింది. ఎవరికి వారు చూసిన ముక్కలు విడిగా ఉన్నప్పుడు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. వరసలో పెట్టగానే డ్రాక్యులా ఎప్పుడు ఎక్కడ ఉన్నాడో, ఏం చేయగలడో, ఏం చేయలేడో తేలిపోయింది. డ్రాక్యులాకు కూడా ఆ సంగతి తెలిసి, ఆ కాగితాలను తగలబెట్టాడు. కానీ ఇనప్పెట్టెలో ఇంకో కాపీ భద్రంగా ఉంది. చివరికి అతను ఏ నది దారిన పారిపోతున్నాడో మ్యాపు ముందు కూర్చుని తేల్చింది కూడా మీనాయే.

కాబట్టి నోట్సు రాసుకోండి, వరసలో పెట్టుకోండి, ఇంకో కాపీ ఉంచుకోండి. పిశాచికే భయం పుట్టించిన పద్ధతి ఇది.

5. మన బేతాళుడి సంగతి

పట్టు వదలని విక్రమార్కుడి కథ తెలియని తెలుగువాళ్లు ఉండరు. "చందమామ"లో శంకర్ గారు వేసిన బొమ్మ, భుజాన శవం, చేతిలో కత్తి, కొన్ని తరాలకు గుర్తుండిపోయింది. ఈ కథల సంస్కృత రూపం 11వ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడి "కథాసరిత్సాగరం"లో ఉంది. 1870లో రిచర్డ్ బర్టన్ అనే ఆంగ్లేయుడు వీటిలో కొన్నింటిని ఇంగ్లీషులో తిరగరాసినప్పుడు బేతాళుడికి "వాంపైర్" అని పేరు పెట్టాడు. ఈ బర్టన్‌తో బ్రామ్ స్టోకర్‌కు పరిచయం ఉంది. మాట్లాడేటప్పుడు బర్టన్ పైపెదవి లేచి కోరపన్ను కనిపించడం గురించి స్టోకర్ 1906లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు కూడా.

ఇప్పుడు విక్రమార్కుడి కథను ఆటగా చూడండి. శ్మశానానికి వెళ్లాలి, శవాన్ని దింపాలి, కథ వినాలి, జవాబు చెప్పాలి. జవాబు చెప్పగానే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. మళ్లీ మొదటి నుంచి. ఇరవై పైచిలుకు సార్లు!

ఇందులో ఆఖరి శత్రువు ఎవరు? చెట్టుకు వేలాడే బేతాళుడు కాదు. రోజూ రాజసభకు వచ్చి వినయంగా పండు కానుక ఇచ్చిన భిక్షువు. ఆ పండ్లలో రత్నాలు ఉండేవి. రాజును బలి ఇచ్చి తాను శక్తులు సంపాదించాలన్నది అతని పన్నాగం. ఆ సంగతి రాజుకు చెప్పి ప్రాణం కాపాడినవాడు బేతాళుడే. సాష్టాంగ నమస్కారం ఎలా చేయాలో ముందు నువ్వు చూపించు అని భిక్షువును అడగమని ఉపాయం చెప్పాడు.

భయపెట్టే రూపం ఉన్నవాడు స్నేహితుడయ్యాడు. రోజూ కళ్లెదుట తిరిగినవాడు శత్రువయ్యాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మళ్లీ పనికొస్తుంది.

6. సమాధులు తవ్విన కాలం

18వ శతాబ్దంలో తూర్పు ఐరోపా పల్లెల్లో వరసగా చావులు జరిగితే, మొన్న చచ్చినవాడు లేచి వచ్చి రక్తం తాగుతున్నాడని నమ్మేవారు. సమాధి తవ్వి చూస్తే శవం ఉబ్బి ఉండేది, నోటి దగ్గర ఎర్రటి ద్రవం ఉండేది, గోళ్లు పెరిగినట్టు కనిపించేవి. ఇంకేం, పిశాచి అని తేల్చి మేకు దింపేవారు. నిజానికి కుళ్లే శవంలో గాలి చేరి ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి ద్రవం నోటికి వస్తుంది. చర్మం ముడుచుకుని గోళ్లు పొడవుగా కనిపిస్తాయి. 1755లో ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా తన వైద్యుడు వాన్ స్వీటెన్‌ను విచారించమంది. ఇది పిశాచి పని కాదని అతను నివేదిక ఇచ్చాడు. సమాధులు తవ్వడాన్ని రాణి నిషేధించింది.

ఆ పల్లెల వాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. జబ్బుకు కారణం చెప్పేవాళ్లు అందుబాటులో లేరు, అంతే.

ఇది దూరదేశపు ముచ్చట మాత్రమే అనుకోవద్దు. 2022 ఏప్రిల్‌లో మన శ్రీకాకుళం జిల్లా సరుబుజ్జిలి మండలం వెన్నెలవలసలో కొద్ది రోజుల తేడాతో కొందరు చనిపోయారు. పిశాచి తిరుగుతోందన్న భయంతో ఊరివాళ్లు తమంతట తామే దారులు మూసుకున్నారు. బయటివాళ్లను రానివ్వలేదు. బడి, అంగన్‌వాడీ కూడా మూతపడ్డాయి. అధికారులు, పోలీసులు వచ్చి నచ్చజెప్పవలసి వచ్చింది. పత్రికల్లో అది వింత వార్త అయింది. మనం నవ్వకూడదు. మన మనుషులు పోతున్నప్పుడు మనకు కలిగే భయం కూడా అలాంటిదే.

కానీ ఆ భయం దారి తప్పితే ఏమవుతుందో మనకు తెలుసు. ఉత్తరాంధ్రలో "చిల్లంగి" అనే మాట ఉంది. ఊళ్లో పిల్లాడికి జ్వరం తగ్గకపోతే, చిల్లంగి పెట్టిందని ఒంటరి ముసలమ్మను వేలెత్తి చూపుతారు. ఆ అనుమానంతో కొట్టిన సంఘటనలూ, చంపిన సంఘటనలూ మన ఏజెన్సీ ప్రాంతంలో జరిగాయి. ఇదే విక్రమార్కుడి కథ. రూపం చూసి భయపడి తప్పు మనిషి మీదికి కత్తి ఎత్తడం. అసలు శత్రువు ఆ జ్వరం ఇంట్లోనే, నీళ్ల మీదనే ఉంటాడు.

7. 1897: మరో రక్తపిశాచి దొరికిన ఏడాది

లండన్‌లో డ్రాక్యులా నవల వచ్చిన 1897 మే తర్వాత మూడు నెలలకే, ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో ఒక సైనిక వైద్యుడు నిజమైన రక్తపిశాచిని పట్టుకున్నాడు. ఆయన పేరు రొనాల్డ్ రాస్. 1857లో అల్మోరాలో పుట్టాడు. మలేరియా రోగి హుస్సేన్ ఖాన్ రక్తం తాగిన దోమలను, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి తీసుకుని, ఒక్కొక్కటీ కోసి సూక్ష్మదర్శిని కింద చూశాడు. అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి కనిపించింది. దోమలే మలేరియాను మోస్తాయని లోకానికి తెలిసింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పరిశోధన జరిగిన భవనం బేగంపేటలో ఉంది.

మలేరియా అంటే చెడు గాలి అని అర్థం. చాలాకాలం పాటు చెడు గాలి వల్ల జ్వరం వస్తుందని చాలామంది నమ్మారు. మన వాళ్లు "గాలి సోకింది" అన్నా, ఆ దొరలు "చెడు గాలి" అన్నా ఒకటే కదా! గమనించి చూసినవాడికి మాత్రమే వరస దొరికింది: ఆడ అనాఫిలిస్ దోమ, సాయంత్రం నుంచి తెల్లవారే దాకా కుడుతుంది, నిలవ నీటిలో గుడ్లు పెడుతుంది. డ్రాక్యులాకు నాలుగు అడుగుల వరస ఉన్నట్టే దీనికీ ఉంది. దోమతెర, మూత పెట్టిన నీళ్ల తొట్టె, జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష. ఇవే మన కొరడాలు.

8. మన ఒంట్లోని రక్తం ఎవరు తాగుతున్నారు?

ఒక లెక్క వేద్దాం. కొంకి పురుగుల్లో ఒక రకం రోజుకు ఒక్కొక్కటి సుమారు 0.2 మిల్లీలీటర్ల రక్తం పీలుస్తుంది. పేగులో 50 పురుగులు ఉంటే రోజుకు 10 మిల్లీలీటర్లు. నెలకు 300. ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలో మిల్లీలీటరుకు సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. అంటే నెలకు 150 మిల్లీగ్రాముల ఇనుము పేగులోకి కారిపోతున్నట్టు. అందులో కొంత తిరిగి ఒంటికి పట్టినా, ఆ లోటు తిండితో పూడదు. ఈ పురుగు పిల్లలు మట్టిలో ఉండి, చెప్పుల్లేని పాదాల చర్మం గుండా లోపలికి వస్తాయి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. రక్తహీనత ఉన్న పిల్లకు మెట్లెక్కితే ఆయాసం, క్లాసులో నిద్ర, చదివింది గుర్తుండకపోవడం. అప్పుడు మనం ఏమంటాం? "బద్ధకం" అంటాం, "దిష్టి తగిలింది" అంటాం. చెల్లీ, నువ్వు మొద్దువి కావు. నీ రక్తం ఎవరో తాగుతున్నారు. ఆ ఎవరో పురుగు, దోమ, పళ్లెంలో లేని కూర.

చేయవలసినవి:

మరుగుదొడ్డికీ పొలానికీ చెప్పులు లేకుండా వెళ్లకండి. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రను దాచి పారేయకుండా నమిలి మింగండి. వారానికి ఒకసారి ఇచ్చే నీలి రంగు ఐరన్ మాత్ర అన్నం తిన్న తర్వాత వేసుకోండి. చోడి అంబలి, తోటకూర, మునగాకు, గుడ్డు వదలకండి. ఇనుము ఒంటబట్టాలంటే పులుపు తోడుండాలి. నిమ్మకాయ గుమ్మానికి కట్టేకన్నా కంచంలో పిండుకోవడం మేలు. అన్నంతోపాటు టీ తాగితే ఆ ఇనుము వృథా.

సీతంపేట, పార్వతీపురం వైపు నుంచి వచ్చిన పిల్లలు ఇంకో పేరు తెలుసుకోవాలి: సికిల్ సెల్. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తపు జబ్బు. ఒంటి నొప్పులు, కళ్లు పచ్చబడటం మాటిమాటికీ వస్తుంటే పరీక్ష చేయించుకోండి. ఈ జబ్బు నిర్మూలనకు 2023 జూలై 1న జాతీయ మిషన్ మొదలైంది. ఇది ఉన్నవారు డాక్టరును అడగకుండా ఐరన్ మాత్రలు వాడకూడదు. ఇది ఎవరి చిల్లంగీ కాదు, ఎవరి పాపమూ కాదు.

9. చదువుకు అన్వయం

పదో తరగతి లెక్కల పేపరు కూడా ఆఖరి బాస్ లాంటిదే. మాయమై ఇంకో చోట కనిపించినట్టు, అదే లెక్క అంకెలు మార్చుకుని వస్తుంది. పాత ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని వరస కనిపెట్టండి. తప్పు చేసిన లెక్కను కొట్టేయకుండా పక్కన ఎందుకు తప్పిందో రాయండి. పెన్ను కదపకముందే ఆలోచించండి, సైమన్ గెంతులాగా. ఒక పేపరు గట్టెక్కగానే పొంగిపోకండి, రెండో రూపం లేస్తుంది. ఇంటర్, డిగ్రీ, ఉద్యోగ పరీక్ష, ఒక్కోదానికీ ఒక్కో వరస. ఓడినవాళ్లను వెక్కిరించకండి. ఆటలో గెలిచిన ప్రతివాడూ చాలాసార్లు చచ్చినవాడే.

10. ఆలోచించి జవాబులు రాయండి

(అ) విక్రమార్కుడి కథలో అసలు శత్రువును రాజు మొదట ఎందుకు గుర్తించలేకపోయాడు?
(ఆ) ఒక్కో పురుగు రోజుకు 0.2 మి.లీ. రక్తం పీలిస్తే, 30 పురుగులు ఒక విద్యా సంవత్సరంలో (220 రోజులు) ఎంత పీలుస్తాయి?
(ఇ) మీ ఊళ్లో జ్వరాలు వచ్చినప్పుడు జనం ఏ కారణాలు చెబుతారు? వాటిని తేదీ, ఇల్లు, నీటి వసతి వారీగా మీనా లాగా పట్టిక వేయండి. పట్టిక ఏం చెబుతోంది?
(ఈ) చిల్లంగి అనుమానంతో ఎవరినైనా వేధిస్తుంటే మీరు మొదట ఎవరికి చెబుతారు?

నాలుగో ప్రశ్నకు జవాబు మాత్రం నోటుపుస్తకంలో రాసి ఊరుకోవద్దు. వార్డెన్ గారికో, టీచరుకో, ఆశా కార్యకర్తకో, పోలీసులకో ఆ రోజే చెప్పండి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మమ్మకూ తాతకూ ఈ పాఠం వినిపించండి. కోపంగా కాదు, వాళ్ల పక్కన కూర్చుని. మన ఇళ్లలో మొదటి తరం చదువు మనది. చీకట్లో దీపం పట్టుకుని ముందు నడవవలసింది మనమే.

అందరూ ఆరోగ్యంగా చదువుకుని, ఏ స్టేజీలోనూ ఆగిపోకూడదని కోరుకుంటూ...

– మీ పూర్వ విద్యార్థి